ముందు పడడం, తర్వాత పడేయడం

జూడో, ఐకిడో, కరాటే నేర్చుకుంటున్నవాళ్లూ, పిల్లల్ని ఆ క్లాసులకు పంపుతున్నవాళ్లూ రాసిన ఉత్తరాల్లో సగానికి పైగా పడడం గురించే ఉన్నాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం. జవాబులు శిక్షకులవి.

ప్రశ్న: మా గుంటడికి తొమ్మిదేళ్లు. జూడోలో చేర్చి నెల కావస్తోంది, ఇప్పటిదాకా ఒక్క త్రో కూడా నేర్పలేదు. రోజూ వెనక్కి పడడం, పక్కకి పడడం, మ్యాట్ మీద చేతులు చరచడం, ఇదే వరస. ఫీజు కట్టి పడడం నేర్చుకోవడమేటని ఇంట్లో నవ్వుతున్నారు. మాస్టారిని అడగొచ్చా?
- ఒక తండ్రి, రాజాం

అడగండి, ఫిర్యాదుగా మాత్రం వద్దు. మొదటి వారంలోనే త్రో నేర్పేసే మాస్టారైతే కంగారు పడాలి గానీ, ఈయన విషయంలో కంగారు అక్కర్లేదు.

మీ అబ్బాయి చేస్తున్నదాన్ని జపనీస్‌లో ఉకెమి అంటారు. ‘ఉకే’ అంటే అందుకోవడం, ‘మి’ అంటే ఒళ్లు. నేల కొట్టే దెబ్బని ఒంటితో ఎలా అందుకోవాలన్నదే ఆ విద్య. జిగోరో కానో 1882లో టోక్యోలో కొదోకాన్ అనే శిక్షణాలయం స్థాపించి జూడో మొదలుపెట్టాడు. 1920లో కొదోకాన్ సవరించిన జాబితాలో ఐదు వరసలుగా 40 త్రోలున్నాయి. వాటిలో ఏది నేర్చుకోవాలన్నా ఇద్దరు కావాలి. విసిరేవాడు తోరి, పడేవాడు ఉకే. ఉకేకి పడడం రాకపోతే తోరికి విసరడం ఎలాగూ రాదు, ఎందుకంటే ఎవరూ రెండోసారి పడడానికి ఒప్పుకోరు.

వెనక్కి పడడం (ఉషిరో ఉకెమి) నాలుగు ఎత్తుల్లో నేర్పుతారు. మొదట వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, చేతులు రొమ్ము మీద అడ్డంగా పెట్టి, తల మాత్రం మ్యాట్ నుంచి పైకెత్తాలి. చూపు నడుం బెల్టు ముడి మీద ఉండాలి. అక్కడినుంచి రెండు చేతుల్నీ ఒక్కసారే మ్యాట్ మీద చరిచి వెంటనే వెనక్కి తీసుకోవాలి. రెండో మెట్టు కాళ్లు చాపి కూర్చుని వెనక్కి ఒరగడం. మూడోది గొంతుక్కూర్చుని, పిరుదుల్ని మడమలకు వీలైనంత దగ్గర దించి, వీపుని గుండ్రంగా చేసి దొర్లడం. నిలబడి పడడం నాలుగోది. నిలబడి పడేటప్పుడు కూడా అసలు పని మూడో మెట్టుదే. ముందు మోకాళ్లు వంచి కిందికి దిగి, ఆ తర్వాతే వెనక్కి వెళ్లాలి. నిలువునా కొబ్బరిచెట్టు కూలినట్టు పడితే అది ఉకెమి కాదు.

ఎక్కడ చెడుతుందో ఇంట్లో మీరే చూడొచ్చు. పరుపు మీద మొదటి మెట్టు చేయించి, గడ్డానికీ రొమ్ముకీ మధ్య ఒక చేతిరుమాలు మడిచి పెట్టండి. పదిసార్లు చేతులు చరిచినా రుమాలు జారకపోతే మెడ నేర్చుకున్నట్టే. రెండోసారికే జారిపోతే పిల్లాడు పైకప్పు చూస్తున్నాడన్నమాట. అలాంటివాడిని నిలబెట్టి వెనక్కి పడేయకూడదు, నెల కాదు, మూడు నెలలైనా సరే. తొమ్మిదేళ్ల వాళ్లకి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ కండ పల్చన. పెద్దవాళ్లకి వారంలో వచ్చేది వాళ్లకి ఆలస్యమవుతుంది.

పిరుదులు మడమలకు దూరంగా పడితే ముడ్డిపూస అదురుతుంది. చేతులు వెనక్కి ఆనిస్తే మణికట్టు పోతుంది. కాళ్లు అతిగా పైకి విసిరితే ఒంటి బరువంతా మెడ మీదికి దొర్లుతుంది. నోరు తెరిచి ఉంటే నాలుక తెగుతుంది, అందుకే పళ్లు ఆనించి, నాలుక వాటి వెనక ఉంచి, పడేటప్పుడు ఊపిరి వదలమంటారు.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండు నెలలుగా జూడోకి వెళ్తున్నాను. పక్కకి పడినప్పుడు చేత్తో ఎంత గట్టిగా కొడితే అంత మంచిదన్నారు. మోచేయి నొప్పి, అరచేయి ఎర్రబడుతోంది. ఇంకా గట్టిగా కొట్టాలా?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

వద్దు. చప్పుడు బాగా వస్తే ఉకెమి బాగుందనుకోవడం చాలా క్లాసుల్లో ఉన్న జబ్బు. చేయి చరచడానికి రెండే పనులు. దెబ్బని వీలైనంత వెడల్పుగా పరచడం ఒకటి, ఒళ్లు ఇంకా దొర్లిపోకుండా ఆపడం రెండోది. ఆ రెండూ జరగాలంటే అరచేయి, ముంజేయి కలిపి ఒక్క పలకలాగా ఒకే క్షణంలో మ్యాట్‌ని తాకాలి. మీకు మోచేయి నొప్పంటే, మోచేయి ముందు తగిలి, తర్వాత అరచేయి తగులుతున్నట్టు. అరచేయి ఒక్కటే ఎర్రబడితే వేళ్లు బిగిసి, మణికట్టు పైకి లేస్తున్నట్టు.

కోణం చూసుకోండి. చేయి ఒంటికి 30 నుంచి 45 డిగ్రీల ఎడంలో ఉండాలి. ఒంటికి మరీ దగ్గరైతే పక్కటెముకల కిందికి పోతుంది. భుజానికి సూటిగా 90 డిగ్రీలకు చాస్తే దెబ్బంతా భుజం కీలుకి వెళ్తుంది. సమయం మరీ ముఖ్యం. వీపు పక్కభాగం మ్యాట్‌ని తాకుతున్నప్పుడే చేయి కూడా తాకాలి. ముందే చేరితే అది చరచడం కాదు, చేతి మీద ఆనుకోవడం. కాలర్‌బోన్లూ మణికట్లూ విరిగేది అక్కడే.

పక్కకి పడేటప్పుడు కాళ్లూ గమనించుకోండి. కుడి పక్కకి పడితే కుడికాలు మ్యాట్ మీద పక్కగా వాలి ఉంటుంది, ఎడమకాలు మడిచి పాదం నేలకి ఆనుతుంది. రెండు కాళ్లూ ఒకదాని మీద ఒకటి వేస్తే చీలమండలు, మోకాళ్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. చెప్పులు లేని కాళ్ల మీద ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఒక్కసారి తగిలితే చాలు. రెండో చేయి పొట్ట మీద ఉంచండి.

ఇంకో సంగతి. చరచడం మ్యాట్ కోసం పుట్టిన అలవాటు. సిమెంటు మీద, తారు రోడ్డు మీద జారినప్పుడు అంత జోరుగా కొడితే చేతి ఎముకలే మిగలవు. అక్కడ పనికొచ్చేది దొర్లడమే.

ప్రశ్న: ఐకిడోలో ముందుకి దొర్లడం నేర్పుతున్నారు. చిన్నప్పుడు చెరువుగట్టు మీద పిల్లిమొగ్గలు బాగా వేసేవాణ్ని. ఇప్పుడు మాత్రం దొర్లిన ప్రతిసారీ కుడి భుజం పైన గట్టిగా కొట్టుకుంటోంది. తప్పెక్కడ?
- ఒక పాఠకుడు, బొబ్బిలి

తప్పు పిల్లిమొగ్గలోనే ఉంది. పిల్లిమొగ్గలో రెండు చేతులూ సమంగా ఆనించి, తల లోపలికి వంచి, మెడ మొదట్నుంచి వెన్నెముక వెంట తిన్నగా దొర్లుతాం. గడ్డి మీద ఆటకి పరవాలేదు. మీరు నేర్చుకుంటున్న మె మవరి ఉకెమి, అంటే జూడోవాళ్లు జెంపో కైతెన్ అనేది, అలా కాదు. ఇక్కడ తల నేలని తాకనే తాకదు, దొర్లే దారి అడ్డంగా ఉంటుంది. కుడి చేతితో మొదలుపెడితే ఎడమ తుంటి దగ్గర తేలాలి. వెన్నుపూసలు ఒక్కొక్కటీ నేలకి కొట్టుకోకుండా, బరువు ఒక గీత మీదుగా జారుకుంటూ పోవాలి.

మెల్లగా, మోకాలి మీంచి మొదలుపెట్టండి. ఎడమ మోకాలు నేల మీద, కుడి పాదం ముందుకి. ఎడమ అరచేయి కుడి పాదానికి పక్కగా, కొంచెం లోపలికి ఆనించండి. కుడి చేయి చిటికెన వేలి వైపు అంచు ఆ రెండిటి మధ్య ముందుకి ఉండాలి, వేళ్లు మీ వైపు తిరిగి ఉండాలి. మోచేయి బయటికి ఉబ్బి, చేయంతా బండి చక్రంలో ఒక ముక్కలా వంగి ఉండాలి. ఇప్పుడు తలని ఎడమ చంక వైపు తిప్పి, గడ్డం ఎడమ భుజానికి ఆనించినట్టు చేయండి. పిరుదుల్ని పైకి లేపి బరువు ముందుకి ఒరగనిస్తే చాలు, తన్నాల్సిన పని లేదు. చేతి అంచు, ముంజేయి, భుజం వెనక, రెక్క ఎముక మీదుగా ఏటవాలుగా దిగి ఎడమ పిరుదు పక్క. ఆ వరస.

మీ భుజానికి దెబ్బ తగలడానికి రెండు కారణాలుంటాయి. బరువు పడగానే మోచేయి ముడుచుకుపోవడం మొదటిది. చక్రం ఒక్కచోట విరిగితే ఆ మూల నేలకి కొట్టుకుంటుంది, ఆ మూలే మీ భుజం కొన. కాలర్‌బోన్ భుజంతో కలిసే కీలు అక్కడే ఉంది. మూడు వారాలుగా అక్కడే తగులుతుంటే దొర్లడం ఆపి ఎముకల డాక్టరుకి చూపించండి. రెండో కారణం చూపు. ఎక్కడికి దొర్లుతున్నామో చూద్దామని తల ముందుకెత్తితే భుజం వెనక భాగం కాకుండా పైకొన నేలకి ఎదురవుతుంది.

మీ దారి ఎక్కడ వంకర పోతోందో తెలుసుకోవడానికి చవకైన ఉపాయం ఉంది. ముదురు రంగు టీషర్టు వేసుకుని, మ్యాట్ మీద రెండు చారెడు బియ్యప్పిండి పల్చగా చల్లి ఒకసారి దొర్లండి. తర్వాత ఎవరినైనా మీ వీపు ఫొటో తీయమనండి. కుడి భుజం వెనకనుంచి ఎడమ నడుం దాకా ఏటవాలు తెల్లగీత పడితే బాగున్నట్టు. వెన్నెముక మీద నిలువుగీత పడితే అది పిల్లిమొగ్గే. భుజం కొన మీద ఒక పెద్ద మచ్చ, తర్వాత ఖాళీ, మళ్లీ నడుం మీద మచ్చ పడితే మోచేయి కూలిపోతున్నట్టు. ముగ్గుపిండి వాడకండి, కంట్లో పడితే మంట. అయ్యాక మ్యాట్ తడిగుడ్డతో తుడవండి, లేకపోతే తర్వాతివాడు జారిపడతాడు.

కుడి పక్క వచ్చిన మాత్రాన ఎడమ పక్క రాదు. ఎడమకి రెట్టింపు చేయించుకోండి, వీధిలో పడేటప్పుడు ఏ పక్కకి పడాలో మనం ఎంచుకోం.

ప్రశ్న: ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. పిల్లలకు పడడం నేర్పాలనుంది. మ్యాట్లకు డబ్బుల్లేవు. స్కూలు వరండా సిమెంటుది, వెనక ఇసుక మైదానం ఉంది. వరిగడ్డి కావలసినంత దొరుకుతుంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, నరసన్నపేట మండలం

సిమెంటు మీద ఎవరినీ పడేయకండి, గోనెలు పరిచినా సరే. అక్కడ నేర్పగలిగేది అడుగులు వేయడమూ, పక్కకి తిరగడమూ మాత్రమే.

వరిగడ్డి అనగానే మీరు అసలు చోటే పట్టుకున్నారు. జపాన్‌లో నేల మీద పరిచే సంప్రదాయ తాతామి పలకల లోపల ఉండేది కూడా వరిగడ్డే, గట్టిగా అదిమి కుట్టి, పైన తుంగ లాంటి ఇగుసా గడ్డితో నేసిన చాప వేస్తారు. మందం 5 సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. కాబట్టి బాగా ఎండిన గడ్డిని గోనె సంచుల్లో కుక్కి, మధ్యలో రెండు మూడు చోట్ల బరువైన సూదితో కుట్లు వేయించండి. కుట్టకపోతే వారానికే గడ్డి మూలలకు పోయి మధ్యలో నేల తేలుతుంది. సంచులన్నీ ఒకే మందం ఉండేలా, 12 నుంచి 15 సెంటీమీటర్ల దాకా పేర్చి, పైన టార్పాలిన్ పరిచి, నాలుగు వైపులా మేకులు కొట్టి గట్టిగా లాగి కట్టండి. టార్పాలిన్ వదులుగా ఉంటే మడతలో కాలి వేలు ఇరుక్కుంటుంది. మేకుల్ని పిల్లలు పడే చోటికి కనీసం రెండు మీటర్ల అవతల కొట్టాలి. ఈ ఏర్పాటు మీద కూర్చుని పడడం, గొంతుక్కూర్చుని పడడం, మోకాలి మీంచి దొర్లడం చేయించొచ్చు. నిలబడి ఒకర్నొకరు విసురుకోవడం మాత్రం వద్దు.

ఇసుక వెనక్కి కూర్చుని పడడానికి బాగుంటుంది, దొర్లడానికి బాగుండదు. కళ్లల్లో పడుతుంది, అంతకంటే ముఖ్యం, పాదం కూరుకుపోయి మోకాలు మెలిపడుతుంది. మీదే మైదానం కాబట్టి పల్లేరుకాయలూ, గాజుపెంకులూ ఏరించే ఉంటారనుకుంటాం. కుస్తీ గోదాల్లో మట్టిని రోజూ తవ్వి వదులు చేసేది ఊరికే కాదు. కోడి రామ్మూర్తి నాయుడు వ్యాయామశాల నడిపిన విజయనగరం పక్కనే ఉన్నారు, గోదా తవ్వడం తెలిసిన పెద్దవాళ్లు మీ చుట్టుపక్కల ఇంకా దొరకొచ్చు. అడిగి చూడండి.

ఎప్పుడైనా డబ్బులొస్తే కొనేటప్పుడు ఒక మాట. ముక్కలు ముక్కలుగా ఒకదానిలో ఒకటి తగిలించే మీటరు బై మీటరు ఫోమ్ మ్యాట్లు 20 మిల్లీమీటర్లవి కరాటే అడుగులకే సరిపోతాయి. త్రోలకి 40 మిల్లీమీటర్లు కావాలి. పోటీల్లో వాడే జూడో మ్యాట్ ఒక్కోటి 1 మీటరు వెడల్పు, 2 మీటర్ల పొడవు ఉంటుంది. మెత్తగా ఉంటే మంచిదని పరుపులాంటివి కొనకండి. అడుగు దిగిపోయే మ్యాట్ మీద కాలు తిప్పితే పాదం ఆగిపోయి మోకాలు తిరుగుతుంది.

ప్రశ్న: కరాటేలో బ్రౌన్ బెల్ట్. మా మాస్టారు ఈ మధ్య గుద్దులు తగ్గించి అడుగులు పక్కకి తిప్పడం మీదే గంటలు గడుపుతున్నారు. దీనివల్ల ఏం వస్తుంది?
- ఒక పాఠకుడు, చీపురుపల్లి

గుద్దు వచ్చే గీత మీంచి ఒళ్లు తప్పుకోవడం వస్తుంది. దాన్నే తైసబాకి అంటారు. ఎదుటివాడు ముందుకి దూకుతుంటే మీరు తిన్నగా వెనక్కి పోతే ఎంతసేపటికీ ఓడిపోతారు, ముందుకి పరిగెత్తేవాడు వెనక్కి నడిచేవాడికంటే ఎప్పుడూ వేగమే. అదే మీరు ముందుకే, కానీ పక్కగా ఒక అడుగు వేస్తే వాడి గుద్దు గాలికి పోతుంది, మీరు వాడి భుజం పక్కన ఉంటారు. ఐకిడోలో దీనిని ఇరిమి అంటారు. లోపలికి వెళ్లి తిరిగిపోతే తెన్కాన్.

తెన్కాన్ దగ్గరే ఎక్కువమంది మోకాళ్లు పాడుచేసుకుంటారు, అందుకే అది కొంచెం వివరంగా. ఎడమ పాదం ముందుంది అనుకోండి. బరువు ఎడమ పాదం ముందరి మెత్త మీదికి తీసుకురండి, మడమ కింద ఒక కాగితం దూరేంత ఖాళీ ఉంటే చాలు. కుడికాలు వెనకనుంచి అర్ధచంద్రంలా తుడుచుకుంటూ పోయి 180 డిగ్రీలు తిరిగేసరికి మళ్లీ వెనకే ఆగుతుంది. తిరిగేటప్పుడు బొటనవేలు ఎటు చూస్తే మోకాలు అటే చూడాలి. మడమ మీద బరువుండగా తిరిగితే పాదం అతుక్కుపోయి మోకాలొక్కటే తిరుగుతుంది, అక్కడ లోపలున్న మెత్తటి గుజ్జు చిరుగుతుంది. ఇంకో తప్పు, తిరిగేటప్పుడు తల పైకి కిందికి ఊగడం. నెత్తిన బిందెతో నడిచే ఆడవాళ్లని చూడండి, నడుం కింద అన్నీ కదులుతాయి, బిందె మాత్రం కదలదు. అలా ఉండాలి.

అడుగులు మూడు రకాలు. మామూలు నడకలా కాళ్లు దాటేది అయుమి అషి, పాదం నేలని రాస్తూ జరిపేది సురి అషి, వెనక కాలు ముందు కాలిని ఎప్పుడూ దాటకుండా దాని వెంటే చేరేది త్సుగి అషి. మూడోదానిలో అడుగు అయ్యాక రెండు పాదాల మధ్య దూరం మొదట ఎంత ఉందో అంతే ఉండాలి. పాదాలు దగ్గరైపోతున్నాయంటే మీరు తోస్తే పడిపోయే స్థితిలో ఉన్నట్టు. జూడోలో కుజుషి అంటే ఎదుటివాణ్ని సరిగ్గా ఆ స్థితికి తేవడమే. సుద్దముక్కతో నేల మీద రెండు గీతలు గీసుకుని, వాటి మధ్య దూరం తగ్గకుండా పది అడుగులు ముందుకి, పది వెనక్కి వేసి చూడండి. బ్రౌన్ బెల్ట్ అయినా సరే, ఏడో అడుగుకి పాదాలు దగ్గరపడతాయి.

మరి కరాటేవాళ్లకి పడడం కావాలా అంటే కావాలి. వాడో ర్యూ అనే కరాటే శైలిని స్థాపించిన హిరోనోరి ఓత్సుకా జపాన్ పాత మల్లవిద్య జుజుత్సు నేర్చుకుని కరాటేకి వచ్చినవాడు, ఆ శైలిలో తైసబాకికి పెద్దపీట వేయడం అందుకే. కాలు తుడిచి పడేసే దెబ్బ పోటీల్లోనే ఉంది. పడడం రాని కరాటేవాడు మొదటి స్వీప్‌కే మణికట్టు ఆనించేస్తాడు.

ప్రశ్న: వయసు 41. ఐకిడోలో మోకాళ్ల మీద నడిపిస్తున్నారు. రెండు నిమిషాలకే మోకాలి చిప్పలు మండుతున్నాయి. వజ్రాసనం కూడా ఎక్కువసేపు కుదరదు. ఓర్చుకుంటే అలవాటవుతుందా?
- ఒక పాఠకుడు, నెల్లిమర్ల

చర్మం మంట అయితే అలవాటవుతుంది. కీలు లోపలి నొప్పి అలవాటవదు, ముదురుతుంది. ఆ తేడా మీరే కనిపెట్టాలి. మెట్లు దిగేటప్పుడు నొప్పి, మోకాలి మధ్యలో ఏదో ఇరుక్కున్నట్టు, మర్నాటికి వాపు, వీటిలో ఏదున్నా షిక్కో, అంటే ఈ మోకాళ్ల నడక, ఆపేయండి. దాని బదులు ఒక మోకాలు దించి లేవడం, కుర్చీ పట్టుకుని సగం గుంజీలు తీయడం చేస్తే తుంటి కండలకి కావలసింది అందుతుంది.

మంట ఒక్కటే అయితే చేసే తీరు చూసుకోండి. షిక్కోకి ముందు కాలి వేళ్లు మడిచి మడమలు పైకి లేపి కూర్చోవాలి. మడమలు రెండూ ఒకదానికొకటి ఆని, పిరుదుల కింద ఒక్క కట్టలా ఉండాలి. మోకాలు ముందుకి వేసేటప్పుడు మడమల కట్ట కూడా కలిసి తుంటితో తిరుగుతుంది. మడమలు విడిపోతే బరువు మోకాలి చిప్ప మీద పడి ఈడ్చుకుంటారు. మీకు మండేది అందుకే కావచ్చు. సిమెంటు మీద చేయకండి. వజ్రాసనానికి పిక్కకీ తొడకీ మధ్య తువ్వాలు మడత పెట్టుకుని ముప్పై సెకండ్లతో మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అమ్మకు 62. పడిపోతానేమోనని భయం. నాతో పాటు పడడం నేర్పొచ్చా?
- ఒక పాఠకురాలు, ఆమదాలవలస

నిలబడి పడడం వద్దు. ఎముకలు పల్చబడ్డ వయసులో సాధనే దెబ్బ అవుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని తల పైకెత్తి పదిసార్లు బొడ్డు చూడడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద పది సెకండ్లు నిలబడడం నేర్పండి. నేల మీద కూర్చుని లేవడం ఆమెకి ఇంకా వస్తుంటే అది పోనివ్వకండి. తడి పెరట్లో ఆ పాత హవాయి చెప్పులు మార్చండి, అది ఏ ఉకెమికంటే ముందు.

ప్రశ్న: మా అమ్మాయికి 13. ప్రాక్టీసులో వెనక్కి పడి తలకి తగిలింది. కాసేపు మత్తుగా ఉంది, ఒకసారి వాంతి చేసుకుంది. ఇంటికొచ్చి పడుకుని లేచాక బాగానే ఉంది. ఎల్లుండి నుంచి పంపొచ్చా?
- ఒక తల్లి, టెక్కలి

ఈ ఉత్తరం అందగానే మీకు విడిగా జవాబు పంపాం. మిగతా తల్లిదండ్రుల కోసం ఇక్కడ కూడా.

తలకి తగిలాక మత్తు, వాంతి ఉంటే ఆ రోజే డాక్టరుకి చూపించాలి, పడుకుంటే తగ్గుతుందని వదిలేయకూడదు. తలనొప్పి పెరుగుతున్నా, మళ్లీ మళ్లీ వాంతులైనా, లేపితే సరిగ్గా లేవకపోయినా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దదైనా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి. మెదడు పైభాగం నుంచి పైపొరకి వెళ్లే సన్నటి రక్తనాళాలు తల ఒక్కసారిగా వెనక్కి ఊగినప్పుడు తెగుతాయి. నేలకి తల తగలకపోయినా, ఆ ఊపుకే తెగొచ్చు. రక్తం మెల్లగా చేరుతుంది కాబట్టి మొదటి గంటల్లో బాగానే కనిపిస్తారు.

జపాన్ ఈ పాఠం చాలా ఖరీదుకి నేర్చుకుంది. 1983 నుంచి సుమారు 30 ఏళ్లలో అక్కడి స్కూళ్ల జూడోలో 100 మందికి పైగా పిల్లలు చనిపోయారు, ఎక్కువమంది తల గాయాలతో. 2012లో మిడిల్ స్కూళ్లలో యుద్ధవిద్యలు తప్పనిసరి చేసినప్పుడు ఆ విషయం మీద పెద్ద చర్చే జరిగింది. తలకి గాయం చేసిన త్రోల్లో ముందు వినిపించే పేరు ఓసోతో గరి, అంటే కాలి వెనక కాలేసి వెనక్కి పడగొట్టేది. కొదోకాన్ జాబితాలో అది మొదటి వరసలోనే ఉంది, చూడడానికి తేలిక, అందుకే కొత్తవాళ్లకి తొందరగా నేర్పేస్తారు. మా అభిప్రాయంలో అది తప్పు. అందులో ఉకే తిన్నగా వెనక్కి పడతాడు, కాళ్లు ఒక్కసారే లేచిపోతాయి, తల వెనక భాగం నేలకి ఎదురవుతుంది.

విసిరేవాడి బాధ్యత ఇక్కడ సగం. పడుతున్న మనిషి కుడి చేతి స్లీవ్‌ని తోరి ఎడమ చేత్తో చివరిదాకా వదలకూడదు, నేల దగ్గరికి రాగానే పైకి లాగి పట్టాలి. ఆ లాగుడు భుజాన్ని పైకి తేల్చి తలని మ్యాట్‌కి దూరంగా ఉంచుతుంది. తోరి తనే మీద పడిపోతుంటే, స్లీవ్ వదిలేస్తుంటే, వాడికింకా త్రో రానట్టే. మీ అమ్మాయిని ఎవరు విసిరారో, స్లీవ్ పట్టుకున్నారో లేదో అడగండి.

మళ్లీ ఎప్పుడు పంపాలంటే, మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోను, టీవీ తక్కువ. తర్వాత నడక, ఇంటిపని. స్కూలుకి వెళ్లి చదువుకుంటే తలనొప్పి రాకపోతే, అప్పుడు మెల్లగా పరుగు, ఆపైన ఎవరినీ ముట్టుకోకుండా అడుగుల సాధన. ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు. ఏ మెట్టులో తలనొప్పి, కళ్లు తిరగడం వచ్చినా ఒక మెట్టు వెనక్కి. పడడం, పడేయడం డాక్టరు రాసిచ్చాకే. ఎల్లుండి మాత్రం కాదు.

ప్రశ్న: కబడ్డీ ఆడతాను. రైడ్‌లో ముందుకి పడి రెండుసార్లు చేయి విరిగింది. ఉకెమి నేర్చుకుంటే పనికొస్తుందా?
- ఒక పాఠకుడు, విజయనగరం

వస్తుంది, అంతా కాదు. కబడ్డీలో వెనకనుంచి కాలు పట్టుకుంటారు కాబట్టి దొర్లే అవకాశం తక్కువ. మీకు కావలసింది మె ఉకెమి, అంటే బోర్లా పడడం. మోకాళ్ల మీంచి మొదలుపెట్టి, రెండు ముంజేతులూ మొహం ముందు తలకిందులైన ‘వి’ ఆకారంలో, అరచేతులు కిందికి, మోచేతులు భుజాలకంటే కొంచెం బయటికి ఉంచి ఒక్కసారే నేలని తాకండి. మొహం పక్కకి తిప్పుకోండి. పొట్ట బిగించి నడుం కుంగకుండా చూసుకోండి. చేతులు చాచి ఆపుకోవాలనే మీ అలవాటు పోవడానికి రోజుకి ఇరవై చొప్పున రెండు నెలలైనా పడుతుంది. విరిగిన చేతికి ప్లేటు వేసి ఉంటే, ప్లేటు వేసిన డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టండి.